దర్జీగారి గజ్జల్లో బిళ్ళ

చంటిదానికి స్నానం చేయించి, ఆయన్ని దుకాణానికి తోలేసి, కాసేపు నడుం వాల్చాలన్నది ఆ ఉదయం దర్జీగారి భార్య వేసుకున్న పథకం. ఆయనేమో తలుపు ఓరగా మూసి గుసగుసలాడాడు.

"కుడి గజ్జల్లో బిళ్ళ కట్టిందే. రేగిపండంత ఉంది."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. షుగరుకి కొత్త మాత్రలు మొదలుపెట్టి పట్టుమని పది రోజులు కాలేదు. ఇంకేం, దొంగ దొరికాడు! మాత్రల పెట్టె తీసి బీరువా మీదకు విసిరేసింది.

"ఆ మాత్రే మీకు పడలేదు. మానేయండి."

"డాక్టరుని అడక్కుండానా?"

"డాక్టరుకి మీరు పేషెంటు. నాకు మొగుడు!"

"సరే తల్లీ, ఎవరికీ చెప్పకు."

ఆమె ఎవరికీ చెప్పలేదు, ఒక్క అత్తగారిని సలహా అడిగిందంతే. అత్తగారూ చెప్పలేదు, పక్కింటావిడ చెవిలో వేసిందంతే. మధ్యాహ్నానికి వీధిలో బిళ్ళ గడ్డయింది, గడ్డ ఆపరేషనయింది. గుడ్డలిచ్చినవాళ్ళు గుమ్మంలో బారులు తీరారు.

"అన్నయ్యగారికి ఏమన్నా అయ్యేలోపు నా జాకెట్టు ఇచ్చెయ్యమ్మా" అంది ఎదురింటావిడ. "ఒక చెయ్యి కుట్టినా చాలు, రెండోదానికి నేను తిప్పలు పడతా."

ఆ మాటతో ఆమెకు ఏడుపు ఆగలేదు. చంటిదాన్ని చంకనేసుకుని, మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కుని ఆస్పత్రికి పరుగెత్తింది.

తీరా చూస్తే లేడీ డాక్టరు! దర్జీగారు సిగ్గుతో సగమై, నేల చూపులు చూస్తూ బిళ్ళ సంగతీ, షుగరు సంగతీ చెప్పాడు.

"ఏదీ, కుడికాలు చూపించండి" అంది డాక్టరు.

"బిళ్ళ అక్కడ కాదండీ, ఇంకా పైన."

"తెలుసులెండి. చెప్పు విప్పండి."

పాదం అడుగున విరిగిన మిషను సూది ముక్క! చుట్టూ ఎర్రగా వాచి చీము పట్టింది.

"నొప్పి తెలియలేదా?"

"లేదండీ."

"షుగరుతో పాదాలు మొద్దుబారాయి. ఇక్కడ చీము పడితే అక్కడ బిళ్ళ కట్టింది. ఇంకో వారం ఆగితే కాలికే ముప్పు వచ్చేది. మాత్రలు వేసుకుంటున్నారా?"

"పొద్దున వెయ్యలేదండీ. మా పాప పెట్టె ఎక్కడో దాచేసింది."

ఇంకా పాకడమైనా రాని ఆ పిల్లను డాక్టరు ఎగాదిగా చూసింది.

"నేనేనండీ" అంది తల్లి, తల వంచుకుని.

"అనుమానం వస్తే డాక్టర్ని అడగాలమ్మా, మీరే ఆపెయ్యకూడదు. ఇక రోజూ రెండు పాదాలూ చూడండి" అంటూ డాక్టరు సూది ముక్క తీసి కట్టు కట్టింది.

ఆ రాత్రి నుంచే ఆమె దీపం దగ్గరకు లాగి మరీ ఆయన అరికాళ్ళు చూడసాగింది. పెళ్ళైన కొత్తలో ఆయన ముఖాన్నైనా అంత పరీక్షగా చూసి ఉండదు.