పదకొండు లైన్లకు ముప్ఫై ఎనిమిది పేజీలు

ఆఫీసు పత్రంలో ఏం రాశారన్నది ఎవరిక్కావాలండీ? అది ఏ ఫైలు ఫార్మాట్‌లో ఉందన్నదే అసలు సంగతి. నమ్మకం లేకపోతే వాల్వు బాబాయి కథ వినండి. విన్నాక కూడా విషయమే ముఖ్యమని వాదించారో, మీరు ఏ ఆఫీసులోనూ పైకి రారని ఇప్పుడే రాసిస్తాను. పీడీఎఫ్‌లో!

ఊరికి మంచినీళ్ళు పంపే పంపు హౌసులో బాబాయి ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆపరేటరు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ, మేనేజరు దగ్గర్నుంచి నేల ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ఆయన వాల్వు బాబాయే. మూడు నెలల్లో రిటైరు కాబోతున్నాడు.

అక్కడి రెండో నంబరు పంపుకి కాస్త తిక్క. ఆగిన పంపుని మళ్ళీ వేసేటప్పుడు ముందు చిన్న కుళాయి తిప్పి లోపలి గాలి వదలాలి. పంపు వేశాక పెద్ద వాల్వుని పావు చుట్టు మాత్రమే తెరిచి, నీటి ఒత్తిడి చూపే గేజిలో ముల్లు వణకడం మానేదాకా ఓపిగ్గా నిలబడాలి. ఆ తర్వాత అర చుట్టు. తొందరపడి ఒక్కసారిగా తెరిస్తే నీళ్ళు పరుగెత్తుకెళ్ళి ఆస్పత్రి సందు మలుపులో పైపుని గుద్దుతాయి. ఇప్పటికి రెండుసార్లు పగిలింది. రెండుసార్లూ బాబాయి సెలవులో ఉన్నాడు.

"వెళ్ళేలోపు మీకు తెలిసిందంతా రాసివ్వండి బాబాయ్" అన్నాడు మేనేజరు.

ఆదివారం పూటంతా కూర్చుని, మూడు కాగితాలు చింపి, నాలుగోదాని మీద కుదురుగా పదకొండు లైన్లు రాశాడు బాబాయి. కింద మరుగుదొడ్డితో సహా పంపు హౌసు బొమ్మ చిన్నగా వేసి, గాలి కుళాయి ఎక్కడుందో బాణం గుర్తు పెట్టాడు. "ఎవరికండీ అంత ముద్దుగా రాస్తున్నారు?" అని భార్య నిలదీస్తే, "రెండో నంబరుకి" అన్నాడు.

మేనేజరు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "చేతిరాతా బాబాయ్? ప్రొఫెషనల్‌గా ఉండొద్దూ?"

ఆహా, ఎంత మంచి ప్రశ్న! వెంటనే ఫార్మాట్ కమిటీ ఏర్పడింది.

మొదట వర్డ్ ఫైల్లో కొట్టించారు. అది టైపిస్టు కంప్యూటర్లో ముచ్చటగా ఉంది. డిప్యూటీ మేనేజరుగారి కంప్యూటర్లో తెరిస్తే బొమ్మ వచ్చి ఏడో లైను మీద కూర్చుంది. బాణం పక్కకి జరిగి మరుగుదొడ్డిని చూపించింది. అక్కడ కూడా వదలాల్సింది గాలే కదా అని డిప్యూటీగారు సర్దిచెప్పబోయారు గానీ, కమిటీ ఒప్పుకోలేదు.

"పీడీఎఫ్ చేస్తే ఏదీ కదలదు" అన్నారెవరో. చేశారు. డిప్యూటీగారి కంప్యూటర్లోంచే చేశారు! బాణం ఇక ఎన్నటికీ మరుగుదొడ్డి మీంచి కదలదు. పీడీఎఫ్ గొప్పదనం అదే కదండీ. మన తప్పుని కూడా ఎంత భద్రంగా దాచిపెడుతుంది!

తర్వాత స్లైడ్లు. ఒక్కో లైనూ ఒక్కో మూల నుంచి గింగిరాలు కొడుతూ వచ్చి కూర్చుంటుంటే కమిటీ చప్పట్లు కొట్టింది. బాబాయి ఒక్కడే వెనక కుర్చీలోంచి చెయ్యెత్తాడు. "నాలుగో లైను దిగేసరికి పైపు పగిలిపోతుంది సార్."

ఆఖరికి అన్నీ గళ్ళలో పెడదామని స్ప్రెడ్‌షీట్‌కి వచ్చారు. 'ఎంత తిప్పాలి' అన్న గడిలో టైపిస్టు పావుకి గుర్తుగా 1/4 అని కొట్టింది. షీటు దాన్ని తేదీ అనుకుని 'ఏప్రిల్ 1' చేసింది. 1/2 కాస్తా 'ఫిబ్రవరి 1' అయింది. ఆ పట్టికని తీసి కొత్త పీడీఎఫ్‌లో అతికించి, ముందు అట్టబొమ్మ, వెనక సంతకాలు చేర్చేసరికి ముప్ఫై ఎనిమిది పేజీలు తేలాయి. మరుగుదొడ్డి బాణం వివాదాస్పదమని బొమ్మే తీసేశారు.

"సార్, ఇందులో వాల్వుని ఏప్రిల్ ఒకటిన తెరవమని ఉంది. తర్వాత ఫిబ్రవరిలో" అన్నాడు బాబాయి.

"సంతకాలైపోయాయి బాబాయ్. మారిస్తే వెర్షన్ మారుతుంది, వెర్షన్ మారితే కమిటీ మళ్ళీ కూర్చోవాలి. ఫాంటు ఎలా ఉందో చెప్పండి."

"ఫాంటు బాగుంది సార్" అన్నాడు బాబాయి. రిటైరైన రోజు దండ వేయించుకుని, చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా నడిచి ఇంటికెళ్ళిపోయాడు. ఆ డాక్యుమెంటుకి పై ఆఫీసు నుంచి 'ఉత్తమ పత్రం' బహుమతి వచ్చింది. ఇవ్వరా మరి!

మరుసటి సోమవారం మీటర్ల సెక్షన్ నుంచి బదిలీ మీద ఒకావిడ ఆ సీట్లోకి వచ్చింది. నాలుగో రోజు పొద్దున కరెంటు పోయి వచ్చింది. రెండో నంబరు ఆగిపోయింది. మొదటిది రిపేరులో ఉంది. ఆస్పత్రి నుంచి ఫోను: ట్యాంకులో గంటకి సరిపడా నీళ్ళే ఉన్నాయి, ఆపరేషన్లు ఆపమంటారా?

ఆవిడ డాక్యుమెంటు తెరిచింది. అది పాస్‌వర్డ్ అడిగింది, ఆవిడ కొట్టింది. డైరెక్టరుగారి సందేశం. సవరణల చరిత్ర. పదకోశం: 'వాల్వు అనగా వాల్వు'. ఇరవై తొమ్మిదో పేజీలో, ఏప్రిల్ 1.

గోడ మీద పాత డ్యూటీ చార్టులో ఉన్న బాబాయి నంబరుకి ఫోను చేసింది.

బాబాయి మంగలి కుర్చీలో ఉన్నాడు, ఒక చెంప నురగతో. విషయం విని లేచి నిలబడ్డాడు.

"కంగారు పడకమ్మా. గేజి కింద చిన్న కుళాయి ఉంది చూడు, తిప్పు. నీళ్ళు కారేదాకా ఉంచి కట్టెయ్. ఇప్పుడు పంపు వేసి, ఫోను దాని పక్కన పెట్టు. నన్ను విననీ."

మంగలి కత్తి పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

"బాగానే మూలుగుతోంది. పావు చుట్టు తిప్పు. ఆగు. ముల్లు వణుకుతోందా?"

"వణుకుతోంది బాబాయ్."

"వణకనీ. దానికీ భయమే." కాసేపయ్యాక, "ఇప్పుడు అర చుట్టు."

ఆస్పత్రికి నీళ్ళు ఎక్కాయి. ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడి అడిగింది. "ఎందుకు బాబాయ్, పావు చుట్టే ఎందుకు?"

ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ 'ఎందుకు' అడిగినవాళ్ళు లేరు. బాబాయి కుర్చీలో మెల్లిగా కూర్చుని మొదలుపెట్టాడు. చెప్పడం ముగిసేసరికి చెంప మీద నురగ ఎండి గట్టిపడింది.

మర్నాడు కమిటీ కూర్చుంది. బాబాయి ఫోను నంబరుని ముప్ఫై తొమ్మిదో పేజీగా అనుబంధంలో చేర్చాలని తీర్మానించింది. శభాష్! పాస్‌వర్డ్ అడగదు, బొమ్మలు కదలవు, ఏ ఫోన్లో కొట్టినా తెరుచుకుంటుంది. ఇంతకన్నా మంచి ఫార్మాట్ ఉందా అని నేనూ మురిసిపోయాను. ఉన్నదొకటే లోపం. దానికి బీపీ ఉంది, రెండో కాపీ లేదు.

కొత్త ఆపరేటరు చెయ్యెత్తింది. "సార్, బాబాయిని ఒక్క వారం పిలిపించండి. పక్కన నిలబడి నేర్చుకుంటాను."

మేనేజరు మెచ్చుకోలుగా తలూపాడు. "మంచి ఆలోచనమ్మా. అయితే అది ఏ ఫార్మాట్‌లో వస్తుంది?"