విక్టర్ పెట్టిన ప్రార్థన మనవి

బీరువా మీది పెద్ద సూట్‌కేసు కిందికి దిగింది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన విక్టర్‌కి అది మంచం మీద నోరు తెరుచుకుని కనిపించింది. లోపల ఏమీ లేదు. బట్టలుంటే ఎటు ప్రయాణమో ఊహించవచ్చు. ఖాళీ సూట్‌కేసు చూస్తే ఎంత దూరమైనా ఊహించుకోవచ్చు.

విక్టర్ మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ తిరిగాడు. గల్ఫ్‌లో, మనామా నగరంలోని హూరా పేటలో వాళ్లుండే ఫ్లాటు మనశ్శాంతి ఉన్నవాళ్లకి సరిపోతుంది. లేనివాళ్లు పచార్లు చేయాలంటే మెట్ల మీదికి పోవాల్సిందే.

"సూట్‌కేసు ఎందుకు దింపావు?"

"పైనుంటే దుమ్ము పడుతోందండీ," అంది జీవమ్మ.

"కిందుంటే పడదా?"

"పడుతుంది. అప్పుడు మీరు తుడుస్తారు."

జీవమ్మ కర్జకాన్‌లో ఒక క్లినిక్కులో ప్రాక్టికల్ నర్సు. బీపీ చూడడం, కట్లు కట్టడం, మంచం పట్టిన ముసలివాళ్లకి ఒళ్లు తుడవడం ఆవిడ పని. సెలైన్ సూది గుచ్చడం లాంటి పనులన్నీ రిజిస్టర్డ్ నర్సువి. ఆ మెట్టు ఎక్కాలన్నది ఆవిడ కోరిక. ఉద్యోగం మానకుండా దూరవిద్యలో ఆ చదువు చెప్పే కాలేజీల కోసం కొంతకాలంగా ఫోను ముందేసుకుని వెతుకుతోంది. వాటిలో ఒకదానికి ఆరు నెలలు ఇండియా వెళ్లి ఆసుపత్రిలో శిక్షణ చేయాలట అని ఒకనాడు మాటవరసకి అంది. ఆ మాట విక్టర్ చెవిలో దూరి, అక్కడే కాపురం పెట్టింది.

"ఇంతకీ ఏ కోర్సులో చేరుతున్నావు?"

"చూద్దామండీ."

జీవమ్మ 'చూద్దాం' అందంటే అప్పటికే చూసేసిందని అర్థం. పెళ్లిచూపుల్లో కూడా ఆవిడ అదే మాట అంది.

విక్టర్ జిదాఫ్స్ మార్కెట్టులో కూరగాయల గోడౌనుకి స్టోర్‌కీపరు. మూత తీయకుండా వాసన చూసి వంకాయలు ఏ పూట కోసినవో చెప్పగలడు. ఆ వంకాయ కూరగా ఎప్పుడు, ఎలా మారుతుందో మాత్రం తెలియదు. పెట్టెలో ఉన్నంతవరకే అతని విద్య.

"ఆరు నెలలు ఇది వెళ్లిపోతే నాకు తిండెవరు పెడతారు?" అని మార్కెట్టులో అందరితోనూ అంటున్నాడు. ఇంకో సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు. జీవమ్మ రాకముందు అతను పనివాళ్లుండే లేబర్ క్యాంపులో ఉండేవాడు. తల్లి పోయిందని పాలకొల్లు నుంచి ఫోను వచ్చినప్పుడు గదిలోని వాళ్లంతా డ్యూటీకి వెళ్లి ఉన్నారు. ఆ కబురు విని, ఫోను పక్కన పెట్టి, చెప్పడానికి ఎవరూ లేక, అన్నీ మడతపెట్టి ఉన్న పక్క గుడ్డల్ని మళ్లీ మడతపెట్టాడు. వంట రాదని చెప్పుకోవడం దానికంటే తేలిక.

మర్నాడు టీ కొట్టు దగ్గర మక్బూల్ టాక్సీలో ఎక్కి కూర్చున్నాడు విక్టర్. మక్బూల్‌ది నిజామాబాద్. విక్టర్ పన్నాగాలన్నిటికీ మొదటి శ్రోత, మొదటి విమర్శకుడు అతనే.

"దొరికింది మక్బూల్ భాయ్! ఇంట్లో కూర్చునే రిజిస్టర్డ్ నర్సు అయిపోవచ్చంట. ఆసుపత్రి గుమ్మం తొక్కక్కర్లేదంట. ఈ ప్రకటన చూడు."

మక్బూల్ ఫోను తీసుకుని చూసి తిరిగిచ్చేశాడు. "ఆస్పత్రికి పోకుంట నర్సెట్లయితది భాయ్? స్టీరింగ్ ముట్టకుంట ఫోన్ల సూసి డ్రైవింగ్ నేర్చుకుంటే నువ్వు నా బండి ఎక్కుతవా?"

"ఇప్పుడు ఎక్కుతున్నదీ అలాగే ఉంది."

"అయితే దిగు!"

దిగలేదు. జిదాఫ్స్ దాకా పోట్లాడుకుంటూనే వెళ్లారు.

ఆ సాయంత్రం విక్టర్ ప్రకటన తీసుకెళ్లి జీవమ్మ ముందు పెట్టాడు. ఆవిడ నిదానంగా చదివింది.

"ఇందులో రోగులుండరా?"

"బొమ్మలుంటాయి. మంచి రంగుల బొమ్మలు."

"నరం దొరక్కపోతే?"

"బొమ్మకి ఎక్కడ గుచ్చినా నరమే. ఏడవదు, తిట్టదు. నీకెంత సుఖం!"

"ఇది చదివితే ఇక్కడ నర్సుగా ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి హాల్లో పెడదాం. వచ్చినవాళ్లు చూస్తారు."

జీవమ్మ అతని మొహంలోకి చూసింది. ఆ చూపు రోగి నాలుక కింద థర్మామీటరు పెట్టి చూసే చూపులా ఉంది. "చూద్దాం," అంది.

ఇక విక్టర్‌కి ఒక చోట కూర్చోవడం కుదరలేదు. గోడౌనులో ఉల్లిపాయల పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి టమాటాల దగ్గర తేలేవాడు. ఆ తిరుగుడులోనే రెండో ఉపాయం తట్టింది. మొగుడి మాట వినని ఆడది సంఘం మాట వింటుంది కదా!

శుక్రవారం శుక్రవారం తెలుగు క్రైస్తవుల సహవాస కూడిక ఉంటుంది. అక్కడ ఎవరైనా లేచి ప్రార్థన మనవి పెట్టుకోవచ్చు. పెట్టుకున్నవాళ్లని సంఘపెద్ద కాలేబు గారు వదిలిపెట్టరు. "జవాబొచ్చిందా?" అని ప్రతి వారం అడుగుతూనే ఉంటారు. అందరూ ఆమెన్ అన్నాక, ఒక క్షణం ఆగి, ఆయన ఒక్కరే ఇంకోసారి అంటారు. అందుకని ఆయనకి 'రెండో ఆమెన్' అని పేరు. ఆయన ఆమెన్ పడ్డ మాట రద్దు కావడం ఆ సంఘ చరిత్రలో లేదు.

కుటుంబం చెదరకుండా ఉండేలా ప్రార్థించండి అని లేచి ఒక్క మాట అంటే చాలు. మిగతా బోధ పాస్టరు గారే చేస్తారు. ఇదీ విక్టర్ పథకం.

శుక్రవారం లేచాడు. మైకు అందుకున్నాడు. అక్కడే పొరపాటు జరిగింది. మైకు లేనప్పుడు విక్టర్ ఒక మనిషి, ఉన్నప్పుడు ఇంకో మనిషి.

"సంఘానికి వందనాలు. నా భార్య రిజిస్టర్డ్ నర్సు కావాలని ఆశపడుతోంది. ఏ కోర్సులో చేరాలో దేవుడే చూపించాలి. మా కుటుంబం చెదరకుండా..."

ముందు వరసలో ఉన్న బేబి ఆంటీ పక్కావిడతో గట్టిగానే అంది: "పెళ్లాం చదువు కోసం కన్నీళ్లు పెట్టుకునే మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నానమ్మా!"

విక్టర్ కళ్లలో నీళ్లు లేవు. ఆ మాట విన్నాక వచ్చాయి. "ఆమె చదువు కోసం నేను ఎంత పనికైనా సిద్ధం!" అనేసి కూర్చున్నాడు.

కుర్చీ ఇంకా వేడెక్కకముందే జీవమ్మ లేచింది.

"వందనాలు. నా మనసులో ఉన్న మాట నేనడక్కుండానే ఆయన నోట వచ్చింది. నేను చదువుకున్నన్నాళ్లూ ఇంట్లో వంట ఆయనే చూసుకుంటారు. వచ్చే శుక్రవారం గృహ కూడిక మా ఇంట్లో పెట్టుకుందాం. అందరూ ఆయన చేతి భోజనం చేసి దీవించాలి."

"ఆమెన్!" అంది సంఘం.

ఒక క్షణం నిశ్శబ్దం.

"ఆమెన్," అన్నారు కాలేబు గారు. "ఆ రోజు ఉదయం నుంచి నేను ఈ మనవి మీద ఉపవాసం ఉంటాను. విక్టర్ గారి భోజనంతోనే విడుస్తాను."

ఇద్దరూ ఇంటికి వచ్చారు. తలుపు తెరవగానే విక్టర్ నిలదీశాడు.

"నేను వంటని ఎప్పుడన్నాను?"

"ఎంత పనికైనా అన్నారు. వంట అంతకంటే పెద్ద పనా?"

"నీకిది పెద్ద పనేం కాదు కాబట్టి..."

"కాదనేగా అంటున్నారు ఇన్నేళ్లుగా."

విక్టర్ మెట్ల మీదికి పోయి పచార్లు చేశాడు.

ఆ వారమంతా జీవమ్మ చెప్పింది, అతను నేర్చుకున్నాడు. అన్నం వార్చడం వచ్చింది. పప్పు ఉడికిందో లేదో చూడడం వచ్చింది. కొలతలు మాత్రం రాలేదు. విక్టర్ జీవితంలో ఉన్న కొలత ఒక్కటే, పెట్టె. "కాసిని ఉల్లిపాయలు" అంటే ఎన్నో అతనికి అర్థమయ్యేది కాదు. "నాలుగు ఎండుమిరపకాయలు" అన్నప్పుడు ఆవిడ మాట తప్పుగా అన్నదేమో అనుకున్నాడు. అంతమంది జనానికి నాలుగేమిటి?

శుక్రవారం సాయంత్రం హాలు నిండింది. జీవమ్మ వచ్చినవాళ్లకి చోటు చూపిస్తోంది. విక్టర్ వంటింట్లో ఒంటరిగా తాలింపు దగ్గర నిలబడ్డాడు. నూనె పొగలు కక్కుతోంది. హాల్లో పాట మొదలైంది. విక్టర్ రెండు చేతులా ఎండుమిరపకాయలు ఎత్తి బాణలిలో వేశాడు.

మొదట పాట పాడుతున్న బేబి ఆంటీ దగ్గింది. తర్వాత వరసగా అందరూ దగ్గారు. పల్లవిలో సగం పాట, సగం దగ్గు అయింది. ఘాటు తలుపు సందులోంచి బయటికి పోయి మెట్లెక్కింది. పై అంతస్తులో దగ్గారు. కింది అంతస్తులో దగ్గారు. గోడకున్న అలారం గుండెలవిసేలా మోగడం మొదలైంది.

"యల్లా, యల్లా! బయటికి!" అని వాచ్‌మన్ కేకలు వేస్తున్నాడు. స్నానాల్లోంచి లేచి తువ్వాళ్లతో వచ్చినవాళ్లు, పక్షి పంజరం పట్టుకొచ్చినవాళ్లు, పాట ఆపని తెలుగు సంఘం, అందరూ ఒకే మెట్ల మీద కిందికి దిగారు. చివర్న విక్టర్, చేతిలో గరిటెతో.

రోడ్డు మీద మక్బూల్ బండి ఆపి చూస్తున్నాడు. "ఏంది భాయ్, దావత్ రోడ్డు మీదనా?"

విక్టర్ జవాబు చెప్పబోతుండగా, చివరి మెట్టు మీద కాలేబు గారు కూలబడిపోయారు. ఉదయం నుంచి ఉపవాసం, ఆపైన అన్ని మెట్లు. మొహం పాలిపోయింది, కళ్లు తేలేశారు.

జీవమ్మ జనాన్ని తోసుకుని వెళ్లింది. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టించింది. నాడి చూసింది. పేరు పెట్టి పిలిచి మాట్లాడిస్తూనే ఉంది. ఎవరో ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది. అందులోంచి ఒక చిన్న వయసు నర్సు దిగి, సంచీ తెరుస్తూ జీవమ్మని ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"కాదు. ప్రాక్టికల్ నర్సుని," అంది జీవమ్మ. అని, లేచి, వెనక్కి జరిగింది.

ఆ అమ్మాయి సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించింది. తన పని తను బాగానే చేసింది. విక్టర్ అటు చూడడం లేదు. అతను జీవమ్మ చేతుల్ని చూస్తున్నాడు. అప్పటిదాకా ఎక్కడ ఏం పట్టుకోవాలో తెలిసిన చేతులు, ఇప్పుడు ఏం చేయాలో తోచక చున్నీ కొస పట్టుకుని నిలబడ్డాయి.

కాసేపటికి కాలేబు గారు కళ్లు తెరిచారు. "భోజనం అయిందా?" అన్నారు.

అందరూ వెళ్లిపోయాక విక్టర్ మాడిన బాణలి తోముతూ, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"జీవా, ఆ ఇండియా కోర్సులోనే చేరు. ఆరు నెలలేగా. నేనుంటాను."

"ఏ ఇండియా కోర్సు?"

"అదే. సూట్‌కేసు దింపావుగా."

"అయ్యో, అది ఎప్పుడో వద్దనుకున్నానండీ. మా క్లినిక్కులో రోజీ సిస్టరు చదివిన దాన్లోనే చేరాను. పాఠాలు ఇంటి నుంచే. ఆసుపత్రి శిక్షణ ఇక్కడే, మనామాలో. ఇక్కడి వాళ్లు ఒప్పుకుంటారా లేదా అని ముందే వెళ్లి కనుక్కున్నాను."

విక్టర్ చేతిలోని పీచు ఆగిపోయింది. "మరి సూట్‌కేసు?"

"పుస్తకాలు పెట్టుకోవడానికి. మూత వేస్తే రాసుకునే బల్ల. ఈ ఇంట్లో వేరే బల్లకి చోటెక్కడుంది?"

"మరి ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరడిగితే చెప్పేదాన్ని. మీరు నన్నడక్కుండా దేవుణ్ణడిగారు. మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను."

విక్టర్‌కి తోచింది ఒక్కటే. "అయితే నువ్వు ఎక్కడికీ వెళ్లడం లేదు కాబట్టి, వంట..."

"సాయంత్రాలు పాఠాలు. సెలవులప్పుడు ఆసుపత్రి. వంట మీద రెండు ఆమెన్‌లు పడ్డాయండీ, నా చేతుల్లో లేదు."

బాణలి కడిగి బోర్లించాక ఆవిడే మళ్లీ అంది, గొంతు తగ్గించి: "ఫోను మోగితే ఉలిక్కిపడే మనిషివి. నిన్నొదిలి ఆరు నెలలు నేనెలా ఉంటాననుకున్నావు?"

ఆవిడ అతన్ని నువ్వు అనడం అరుదు. విక్టర్ కడిగిన బాణలి తీసుకుని మళ్లీ కడిగాడు.

తర్వాతి శుక్రవారం సహవాసంలో కాలేబు గారు మైకు దగ్గర నిలబడ్డారు. కాస్త చిక్కారు గాని గొంతు తగ్గలేదు.

"విక్టర్ గారూ, జవాబొచ్చిందా?"

విక్టర్ లేచాడు. ఈసారి మైకు అందుకోలేదు. "వచ్చిందండీ. నాకంటే ముందు మా ఇంట్లో అందరికీ వచ్చింది," అన్నాడు. వాళ్లింట్లో ఉండేది ఇద్దరే.

జీవమ్మ లేచింది. "మొన్న ఎవరూ భోంచేయకుండానే వెళ్లిపోయారు. వచ్చే శుక్రవారం కూడా కూడిక మా ఇంట్లోనే పెట్టుకుందాం. వంట ఆయనే చేస్తారు."

సంఘమంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారు పరిస్థితి గ్రహించి, "విక్టర్ గారి వంట కోసం ప్రార్థన చేసుకుందాం," అని కళ్లు మూసుకున్నారు.

ఆయన నోరు తెరవకముందే, ఆ సంఘ చరిత్రలో మొదటిసారి అందరికంటే ముందుగా, కాలేబు గారి గొంతు వినిపించింది.

"ఆమెన్!"