వీధి సంఘం వారి ఆయిల్ మార్పు

"తన బండికి తాను ఆయిల్ మార్చుకోలేనివాడు గృహస్థుడు కాదు, పెద్దమనిషి కాదు, అసలు పౌరుడే కాదు!"

ఈ మాటన్నది ఏ మహానుభావుడో అనుకునేరు. మా తోడల్లుడు! మా వీధి సంఘానికి కార్యదర్శి. కార్యదర్శి అంటే మరేం లేదు, సంఘం మైకు వాడింట్లో ఉంటుంది. మైకున్న ఇంట్లో మాటలకి కరువేంటి?

ఆ ఉపన్యాసం అయిన మర్నాటి నుంచి మా వీధిలో మెకానిక్ అన్న మాట బూతైపోయింది. పిల్లల ముందు అనకూడదు. పైగా ఒక రిజిస్టరు తెరిచారు. "నా వాహనమునకు నేనే స్వయముగా, ఎవరి సహాయమూ లేకుండా, ఆయిల్ మార్చితినని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని రాసి కింద సంతకం పెట్టాలి. మొదటి సంతకం సంఘం అధ్యక్షులవారిది. ఆయన రిటైరైన హెడ్మాస్టారు. రెండోది మా ఎదురింటి బ్యాంకాయనది. మూడోది నాది. వారం తిరిగేసరికి వీధి వీధంతా పౌరులైపోయాం! మిగిలిందెవరయ్యా అంటే, రిజిస్టరు తెరిచినవాడు.

"తమ్ముడూ, అందరిదీ అయింది. నీదెప్పుడు?" అని పొద్దున్నే పాలప్యాకెట్ తెచ్చుకుంటూ రోజూ అడిగేవాణ్ణి. వాణ్ణి ఓ మాట అనకపోతే నాకు కాఫీ రుచించదు.

పది రోజులు ఓర్చుకున్నాడు. పదకొండో రోజు ఉక్రోషం వచ్చేసింది.

"ఆదివారం పొద్దున్న, అన్నయ్యా. అందరి ముందూ. బహిరంగంగా!"

అక్కడే వచ్చి పడింది చిక్కు. ఆ ఆదివారం పదకొండింటికి మా మరదలికి పరీక్ష. మరదలంటే మా ఆవిడ చెల్లెలు, వీడి పెళ్ళాం. పెద్దాసుపత్రిలో నర్సు. అది హెడ్ నర్సు పరీక్ష. రెండుసార్లు రాసి రెండుసార్లూ కొద్ది మార్కుల్లో తప్పింది. మూడోసారి తప్పితే మరిక రాయనివ్వరట. సెంటరేమో ఊరికి ఆ చివర. ఆదివారం పూట మా బస్సుల్ని నమ్ముకుంటే సోమవారానికి చేరతాం.

"ఏమండీ, ఇవాళొక్కరోజు దాని జోలికెళ్ళకండి. మీకు దణ్ణం పెడతా," అంది మరదలు ఆదివారం తెల్లారగానే, చేతిలో పుస్తకం వదలకుండానే.

"పిచ్చిదానా, నీ కోసమే కదా! కొత్త ఆయిల్‌తో బండి రయ్యిమని పోతుంది. వీడియోలో ఆరు నిమిషాల్లో చేశాడు. ఎనిమిదిన్నరకల్లా నీ చేతిలో తాళం పెడతా."

"వీడియోలో వాడు చేసింది ఏ బండికి?"

"ఏ బండికైతేనేం? ఆయిల్ ఆయిలే!"

"మందు మందే అని మేమూ అనుకుంటే వార్డులో ఒక్కడు మిగలడు," అని లోపలికెళ్ళి చదువుకుంది.

ఎనిమిదింటికి వీధంతా హాజరు. కారు ముందు చక్రాలు గేటు ముందున్న ర్యాంపు మీదకెక్కించి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, మావాడు దుప్పటి పరుచుకుని బండి కింద దూరాడు. ఇస్త్రీ చొక్కాతో! ఫొటోలు తీస్తారని. బయటికి రెండు పాదాలు మాత్రం కనపడుతున్నాయి. వాటికీ పాలిష్ చేసిన బూట్లే.

"అన్నయ్యా," కింద నుంచి గొంతు సన్నగా వచ్చింది. "ఇక్కడ రెండు బిరడాలున్నాయి. ఏది విప్పాలి?"

"వీడియోలో ఏది విప్పాడు?"

"వీడియోలో ఒకటే ఉంది!"

జనంలో గుసగుసలు. హెడ్మాస్టారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. "నాయనా, నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పిందే నీకూ చెబుతున్నా. కష్టమైన ప్రశ్న పక్కన పెట్టు. సులువుగా వచ్చేది ముందు కానీ!"

సులువుగా వచ్చేది విప్పాడు. పళ్ళెంలోకి తేనెలాంటి ఆయిల్ ధారగా దిగింది.

బ్యాంకాయన వంగి చూశాడు. "వాడేసిన ఆయిల్ నల్లగా ఉండాలి కదండీ? ఇది మెరుస్తోందే!"

"నల్లగా దిగేది మీ బండికి," అన్నాయి బూట్లు. "నేను నడిపే పద్ధతి వేరు. నా దగ్గర ఆయిల్ కూడా మాయదు!"

చప్పట్లు! నేనూ కొట్టా. నాకేం తెలుసని? తెలిసినవాడిలా తల పంకిస్తూ మరీ కొట్టా.

బిరడా బిగించి, బయటికొచ్చి, కొత్త డబ్బా అమాంతం ఇంజన్లో వంచేశాడు. చివరి చుక్క దాకా. తర్వాత ఆయిల్ కొలిచే పుల్ల పైకి లాగాడు. గీతలెక్కడా కనపడలేదు. పుల్ల మెడ దాకా మునిగిపోయింది.

"శుభం!" అన్నారు హెడ్మాస్టారు. "నిండుకుండ తొణకదు."

అప్పుడే నా చెయ్యి ఊరుకోలేదు. మా మంచం కోడు నుంచి ఊడొచ్చిన బోల్టొకటి జేబులో ఉంది. అలాంటిదే ఇంకోటి తెమ్మని మా ఆవిడ ఇచ్చింది. దాన్ని మెల్లగా పళ్ళెం పక్కన జారవిడిచా.

"తమ్ముడూ, ఇదేంటి, మిగిలిపోయింది?"

వాడి మొహం చూడాలి! ఉప్పు లేని పప్పులా అయిపోయింది. బోల్టు చేతిలోకి తీసుకుని, బండిని చూసి, బోల్టుని చూసి, మళ్ళీ కిందికి దూరాడు.

ఇంక నిపుణుల వంతు. "అది స్టీరింగుది," అన్నాడు బ్యాంకాయన. "నేను నా బండికి చేసినప్పుడు ఇదే ఇబ్బంది పెట్టింది."

"కాదు, బ్రేకుది. నేను ముందు విప్పిందే అది," అన్నారు హెడ్మాస్టారు.

చెప్పేద్దామనే అనుకున్నా, ఒట్టు! కానీ ఇద్దరు పెద్దమనుషులు అనుభవం మీద చెబుతుంటే మధ్యలో అది మంచం బోల్టంటే వాళ్ళ పరువేం కావాలి? పెద్దల్ని గౌరవించడం నాకు చిన్నప్పటి అలవాటు. ఊరుకున్నా. మావాడు కింద పాకుతూ బోల్టుకి ఇల్లు వెతుకుతున్నాడు. ఎనిమిదిన్నర పోయింది. తొమ్మిది పోయింది. తొమ్మిదిన్నర కూడా పోయేసరికి నాకు నవ్వు తగ్గింది.

పదింటికి పది నిమిషాలుందనగా మరదలు హాల్ టికెట్టు పట్టుకుని బయటికొచ్చింది. భర్త చేతిలోంచి బోల్టు తీసుకుని ఒక్కసారి తిప్పి చూసింది.

"ఇది మంచం బోల్టు. వార్డులో రోజుకి నాలుగు బిగిస్తా."

అని నావైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశా. మబ్బులేమీ లేవు.

"సరే, ఎక్కు ఎక్కు, టైముంది!" అని మావాడు ఎగిరి కూర్చుని స్టార్ట్ చేశాడు.

పొగ! తెల్లగా, నీలంగా, దోమల మందు బండి వచ్చినట్టు పొగ! ఎదురింటి బ్యాంకాయన ఎదుటే ఉండి కనపడకుండా పోయాడు. గేరు వేస్తే లోపలెవరో రేకు మీద గోళ్ళతో గీకినట్టు ఒకటే మూలుగు.

"ఆపండి!" అని మరదలు అరిచింది. పళ్ళెంలో వేలు ముంచి చూసింది. పుల్ల లాగి చూసింది.

"ఏమండీ, మీరు తీసింది ఇంజన్ ఆయిల్ కాదు, గేర్ల పెట్టెలోది. నల్లటి పాతది ఇంజన్లోనే ఉంది. దాని మీద కొత్తది పోశారు. కుడికాలికి కట్టు కట్టమంటే ఎడమకాలు తీసేశారు!"

మావాడు అలవాటుగా మైకు కోసం చెయ్యి చాపాడు.

మరదలు జనం వైపు తిరిగింది. "ఎవరైనా ఓ బండివ్వండి. గంటే ఉంది. ఇది పోతే మరిక రాయనివ్వరు."

హెడ్మాస్టారు కండువా సర్దుకున్నారు. "నా బండా తల్లీ... కొత్త ఆయిల్‌కి ఇంకా అలవాటు పడలేదు."

"మా ఇన్సూరెన్సు రూల్స్ ప్రకారం పరాయివాళ్ళు..." అన్నాడు బ్యాంకాయన, పొగలోకి ఓ అడుగు వెనక్కేసి.

"బావా?"

"నాదా? నాది... హారన్ మోగట్లేదమ్మాయ్."

"హారన్‌తో నాకేం పని, కూరగాయలమ్ముతానా?" అని, జ్వరం చూసే గొట్టం లాగినంత సులువుగా నా చొక్కా జేబులోంచి తాళాలు లాగేసుకుంది.

"ఆగాగు, సీటు తుడిచిస్తా!" అని వెంటపడ్డా. అప్పటికే తలుపు తీసేసింది. లోపల అద్దానికి వేలాడుతోంది, అరచేయంత పచ్చకార్డు. ఏదో గ్యారేజీ పేరు. ఆయిల్ మార్చిన తేదీ. మళ్ళీ రావలసిన తేదీ. మార్చిన తేదీ సరిగ్గా నేను రిజిస్టరులో సంతకం పెట్టడానికి ముందురోజు!

మరదలు చదివింది. నన్ను చూసింది. ఆ కార్డు తెంపి మొగుడి చేతిలో పెట్టి, "ఇదిగో, అడ్రసు ఇందులో ఉంది," అని బండి తీసింది. మూల తిరిగేటప్పుడు హారన్ కొట్టింది కూడా. బ్రహ్మాండంగా మోగింది.

ఆ తర్వాత ముప్పావుగంట ఎవరం కదల్లేదు. మావాడు ఫోను రెండు చేతులతో పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా మోగింది. "చేరా. లోపలికెళ్తున్నా." అంతే. వాడు ఆయిల్ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. (పాసైంది కూడా, ఆ ముచ్చట నెల తర్వాతిది.)

కళ్ళు తుడుచుకోగానే తాను కార్యదర్శినన్న సంగతి గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాడు.

"అన్నయ్యా! రిజిస్టరులో స్వయముగా అని సంతకం పెట్టావు!"

"పెట్టా. సంతకం మాత్రం స్వయంగానే పెట్టా. ఎవరి సహాయమూ తీసుకోలేదు."

"ద్రోహం! సంఘం మొహాన మసి పూశావు!"

"క్షమించరాని నేరం," అన్నారు హెడ్మాస్టారు. "విచారణ సంఘం వేయాల్సిందే. అధ్యక్షుడిగా నేనుంటాను."

"సభ్యుడిగా నేను," అన్నాడు బ్యాంకాయన, దగ్గుతూ. "ఇలాంటివాళ్ళ మధ్య కాపురం ఉంటున్నందుకు సిగ్గుగా ఉంది సార్!"

నేను చేతులు కట్టుకుని తల దించుకున్నా. తప్పు చేసినవాణ్ణి, ఏం చేస్తాను? పొగ మెల్లగా తగ్గింది. మావాడు తన బండి వైపు చూశాడు. కార్డు అటూ ఇటూ తిప్పాడు. గొంతు తగ్గించి నా దగ్గరికొచ్చాడు.

"అన్నయ్యా, వీడు... ఆదివారం తీస్తాడంటావా?"

నేను నోరు విప్పేలోపే హెడ్మాస్టారు అందుకున్నారు.

"తీస్తాడు నాయనా. కానీ ముందు గేటు దగ్గరికెళ్ళకు. వెనక సందులోంచి వెళ్ళి రెండుసార్లు తలుపు తట్టు."

అందరి కళ్ళూ ఆయన మీదకి తిరిగాయి.

"రెండు కాదు సార్, మూడు," అన్నాడు బ్యాంకాయన. "రెండు తడితే పాలవాడనుకుని గిన్నె తెస్తాడు."