మెరక లేని ఆవరణలో ఐసు బండి

మా బావ ఐసు బండి మెరక ఎక్కనని మొండికేస్తోందని, కొన్నప్పటి నుంచి దాన్ని సరిగ్గా కడిగిన పాపాన పోలేదు కాబట్టే అలిగిందని, పక్కింటి పిన్ని కుళాయి దగ్గర తేల్చేసిందట. విన్నవాళ్లు అక్కతో అన్నారు, అక్క నాతో అంది. వాహనాల జబ్బులు కనిపెట్టడానికి మానవజాతి ఇంతవరకు రూపొందించిన పద్ధతులన్నింటిలోనూ పిన్ని పద్ధతే అత్యంత వేగవంతమైనదని, సర్వీసు సెంటరు చూసొచ్చాక నేను ఒప్పుకుంటున్నాను.

సంగతి చిన్నదే. బావది డీజిలు పికప్. ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు ఎక్కించుకుని చేపల బజారుకు చేరవేస్తాడు. ఖాళీగా ఉంటే ఆ బండి లేడిపిల్ల. వెనక బరువు పడి, బజారు ముందున్న మెరక తగిలేసరికి మాత్రం రొప్పుతూ రొప్పుతూ ఆగిపోతుంది. ఇంజనుకు డీజిలు తగినంత ఒత్తిడితో అందడం లేదన్నమాట. ఫిల్టరు పూడుకుపోయిందో, పంపు నీరసించిందో, గొట్టం ఎక్కడైనా గాలి పీలుస్తోందో విప్పి చూస్తే గానీ తెలియదు. ఈలోగా ఐసు ఆలస్యమవుతోందని చేపలమ్మే పెద్దమ్మ కబురు చేసింది: "ఇంకొక్కసారి లేటైతే వేరే బండి చూసుకుంటా నాయనా. నీ కష్టాలు నాకు తెలుసు గానీ నా చేపలకి తెలియవు."

బావ ఖాళీ బండితో సర్వీసు సెంటరుకు పరుగెత్తాడు. అక్కడ ఇంధన పీడన నిర్ధారణ విభాగం ఉంది. (దాని పక్కనే, ఆ విభాగానికి దారి చూపే విభాగం ఉంది.) మెడలో ట్యాగు వేలాడుతున్న పీడన సలహాదారు బండికి కంప్యూటరు తగిలించి చూశాడు.

"ఒత్తిడి పడిపోయినట్టు చూపిస్తోంది గానీ, అది నిన్నటిదండీ."

"నిన్ననే కదండీ బండి ఆగింది!"

"నిన్నటి లోపం మా పరిధిలోకి రాదు. లోపం మా కళ్లముందు జరగాలి."

"బరువేసి మెరకెక్కిస్తేనే జరుగుతుందండీ."

"అయితే బరువుతో రండి."

(మెరక మాటేమిటని అడిగితే, ఆవరణలో మెరక లేదని, గేటు లోపలున్న స్పీడ్ బ్రేకరునే తాత్కాలికంగా మెరకగా పరిగణించాలని పైనుంచి ఉత్తర్వు ఉందని చెప్పాడు.)

మర్నాడు పొద్దున్నే బావ ఐసు దిమ్మలు వేసుకుని, గోనెపట్టాలు కప్పి, "దారిలోదే కదా, అలా చూపించేసి ఇలా బజారుకు పోదాం" అన్నాడు. అక్క ముందు కూర్చుంది. నేను వెనక పట్టాలు పట్టుకుని కూర్చున్నాను. క్యూ ఉన్నచోటికి ఐసు తీసుకెళ్తున్నామన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. సరుకున్న బండ్లకు ప్రవేశం లేదు. నిర్ధారణ కోసం తెచ్చిన సరుకు సరుకు కిందికి రాదని సలహాదారు ధ్రువీకరిస్తే రావచ్చు. సలహాదారు ధ్రువీకరించాలంటే బరువుల అధికారి తూచాలి. బరువుల అధికారి టీకి వెళ్లాడు. (టీ తాగే సమయం నిర్ధారణలో అంతర్భాగం.)

ఎండెక్కింది. బండి కింద సన్నగా మొదలైన నీళ్ల చార గేటు దాటి, ఆవరణ దాటి, మాకంటే ముందే విభాగం మెట్లు చేరుకుంది. దాన్ని ఎవరూ ధ్రువీకరణ అడగలేదు.

అక్క ఉండబట్టలేక లోపలికి వెళ్లింది. "బాబూ, ఆ ఫిల్టరేదో ఒక్కసారి విప్పి చూడరాదూ?"

"నిర్ధారణ కాకుండా విప్పకూడదమ్మా."

"విప్పకుండా నిర్ధారణ ఎట్లా అవుతుంది?"

"అందుకే కదమ్మా బరువు తెమ్మన్నాం."

మా ఇంట్లో ఎవరూ నోరు మూయించలేని అక్క, ఆ జవాబు విని వెనక్కొచ్చి బండెక్కి కూర్చుంది.

ఎట్టకేలకు మా వంతు వచ్చింది. బరువుల అధికారి గోనెపట్టా ఎత్తాడు. కింద ఇంకో తడి గోనెపట్టా ఉంది. బండిని నడపమన్నారు. అది స్పీడ్ బ్రేకరు మీంచి లేడిపిల్లలా దూకింది. కంప్యూటరులో పచ్చదీపం వెలిగింది. విభాగమంతా లేచి చప్పట్లు కొట్టింది. (ఇదీ నిబంధనే.) ఒత్తిడి భేషుగ్గా ఉందని, బండికి ఏ లోపమూ లేదని సలహాదారు ప్రకటించాడు.

అప్పుడే బావ ఫోను మోగింది. "ఊఁ" అన్నాడు, "సరే పెద్దమ్మా" అన్నాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"వేరే బండి మాట్లాడుకుందట" అన్నాడు అక్కతో.

సలహాదారు మనసు కరిగింది. (ఆ ఆవరణలో ఐసు తర్వాత కరిగింది అదొక్కటే.) "బాధపడకండి. ఇంకా అనుమానంగా ఉంటే మరోసారి తీసుకురండి, మళ్లీ చూద్దాం. ఈసారి మాత్రం కరగని బరువేదైనా వేసుకుని రండి" అన్నాడు.

అక్క ఆయన్నీ, బరువుల అధికారినీ, కాపలాదారునీ వరసగా పైనుంచి కిందిదాకా చూసింది, తూస్తున్నట్టు.

"అట్లాగేనయ్యా. మిమ్మల్నే ఎక్కించుకుని ఆ మెరక మీదికి పోతాం. ఆగినచోట దిగి తోసేది కూడా మీరే."