మోకుతో దిగిన ఫోటో

ఎల్లేష్ చెట్టెక్కడం ఎవరూ చూడలేదు. ఎక్కానని చెప్పగా మాత్రం అందరూ విన్నారు.

నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తా అతను. కట్టంగూర్ దగ్గర కల్లు గీసేవాళ్ల ఇంట పుట్టినవాడు. కూతురు రూపకు అన్నం తినిపించిన ప్రతిసారీ మాటల్లో ఒక తాడిచెట్టు ఎక్కేవాడు. ఆమె పాలపళ్లు ఊడేసరికి నలభై తాడిచెట్లు ఎక్కి దిగాడు, వానలో కొన్ని, జ్వరంతో ఒకటి. తొమ్మిదేళ్ల రూప దృష్టిలో బాపును మించిన మొనగాడు జిల్లాలో లేడు. ఎల్లేష్‌కున్న ఆస్తి అదొక్కటే.

పెళ్లై పదేళ్లయింది, ఆరుబయట ముగ్గురం ఒక ఫోటో దిగుదామంది భార్య ప్రవళిక. తన ఎర్ర నారాయణపేట చీరకు నకిరేకల్ వైపు బత్తాయి తోట బాగుంటుందని ఆమె ఆలోచన. ఎల్లేష్ మాత్రం చిన్నాయిన కాటమయ్య ఈతవనమే కావాలని పట్టుబట్టాడు. చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని నిలబడితే చాలు. ఆ ఫోటో గోడకెక్కాక తన కథలకు ఎవరూ సాక్ష్యం అడగరు.

ప్రవళిక వాదించకుండా సరేనంది. ఆమె వాదించకపోతే భయపడాలని పదేళ్లలో అతను నేర్చుకుని ఉండాల్సింది.

వారమంతా బట్టలారేసే తాడు భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. కొత్త జీన్స్ పొట్ట దగ్గర పట్టకపోతే ప్రవళిక గుండీ జరిపి కుట్టి, ఊపిరి మాత్రం ఎవరిది వాళ్లే బిగబట్టుకోవాలంది.

ఆదివారం పొద్దున వనంలో ఫోటోగ్రాఫర్ శివకృష్ణ కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు.

“అన్నా, గట్ల భుజాన ఏసుకుంటే మోకులు అమ్మబోతున్నట్టున్నవు. నడుముకు కట్టుకొని జర రెండు బారలెక్కు.”

తాడిచెట్లెక్కినవాడికి ఈతచెట్టు నామోషీ అన్నాడు ఎల్లేష్. ఎండ ముఖాన కొడుతోందన్నాడు. కాటమయ్య మీసాల చాటున నవ్వుతూ అతని నడుముకు మోకు బిగించేశాడు.

“ఎక్కు బాపూ. నేనిప్పటిదాక సూడలే,” అంది రూప.

ఇక తప్పలేదు. మొదటి బార పౌరుషంతో ఎక్కాడు, రెండోది సిగ్గుతో. అక్కడ కిందికి చూశాడు. వెంటనే చెట్టును వాటేసుకున్నాడు. జీన్స్ వెనకాల చర్రుమంది.

“బాపు దిగుతలేడేందమ్మా?”

“చెట్టు చెవుల ఏదో చెప్తుండు బిడ్డా.”

కాటమయ్య నిచ్చెనకు పోబోతే ప్రవళిక ఆపింది. చెట్టు కిందికి వచ్చి మెల్లగా అంది:

“చెట్టును ఇడువు. మోకు మీద ఎనకకు వాలు, అది మోస్తది. ఎడమ కాలు కింది మట్ట మొదలు మీద పెట్టు. ఇగ మోకు జార్చు. ఇప్పుడు కుడి కాలు.”

ప్రిన్సిపాల్ చెబితే రాసుకునే గుమాస్తాలాగే ఎల్లేష్ ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క కాలు దించి నేల మీద పడ్డాడు.

“గివన్నీ నీకెట్ల ఎరుక?”

“మా నాయిన కాలిరిగిన యేడు ఇరవై ఈతచెట్లు నేనే ఎక్కి గీసిన. ఇంటర్ పరీక్షలు గూడ గా యేడే.”

“పదేండ్లయింది, ఒక్కనాడు చెప్పకపోతివి.”

“నువ్వు చెట్టు దిగితే గద నాకు సందు దొరికేది.”

రెండు బారలు ఎక్కించమన్నది ఎవరని ఎల్లేష్ శివకృష్ణ చెవిలో అడిగితే, నిన్న ప్రవళిక వదినే ఫోన్ చేసిందని అతను నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. ఆలోపు వదిన కుచ్చిళ్లు ఎగదోపుకుని, మోకు కట్టుకుని, అతను కెమెరా ఎత్తేలోగా పైకి చేరింది.

ఇప్పుడు ఆ ఫోటోనే హాల్లో ఉంది. చెట్టు మీద ఎర్ర చీరలో ప్రవళిక. కింద మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తున్న రూప. పక్కన ఎల్లేష్, భార్య చెప్పులు ఒక చేత పట్టుకుని, రెండో చెయ్యి చిరిగిన చోట అడ్డం పెట్టుకుని.

చుట్టాలొస్తే కథ రూప చెబుతుంది. చూసింది చూసినట్టే చెబుతుంది, ఒక్క మాట కలపదు. వంటింట్లోంచి చాయ్ తెస్తున్న ఎల్లేష్‌కే అది చప్పగా తోస్తుంది.

“గది ఈతచెట్టు గాబట్టి మీ అమ్మ ఆడికే ఆగింది,” అంటాడు కప్పులు దించుతూ. “తాడిచెట్టయితే మొగులు దాక పోతుండె.”