నల్లప్ప దొర చల్లకొలువు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే అక్కడివాళ్లు చెప్పుకునేంత పెద్దది కాదులెండి, ఎండాకాలం ఏటికేడు ముందుకు జరుగుతూ వచ్చి శివరాత్రికే తిష్ట వేయడం మొదలుపెట్టింది. పాత రాజు పెద్దపులి పట్టించుకోలేదు. "ఎండాకాలం ఎండ కాయక వెన్నెల కాస్తుందా?" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆయన తిన్న జింకల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

గెలిచింది నల్లప్ప అనే ఎలుగుబంటి. "చల్లని అడవి నా పూచీ" అని చెట్టు చెట్టుకీ చెప్పి గెలిచాడు. ఊరేగింపులో ఆయన్ని వీపు మీద మోసింది గుమ్మడయ్య అనే ఏనుగు. ఊరికే మోయలేదు. కొండ మీది మద్దిచెట్లు కూల్చి తన మందకు తిన్నని బాట వేసుకోవాలని ఆయన కోరిక. నల్లప్ప గెలిచిన మర్నాడే బాట మొదలైంది. వాగు పుట్టేది ఆ కొండ మీదే కాబట్టి, అది కూడా మర్నాడే సన్నబడింది.

బూరమ్మ అనే కప్పకు రాజకీయాలతో పని లేదు. అయినా పొద్దున్నే వెళ్లి నల్లప్పకే ఓటు వేసొచ్చింది. ఆమె పిల్లలు మడుగులో ఉన్నారు. ఇంకా తోకలే తప్ప కాళ్లు రాలేదు. ఆ మడుగు కూడా పందుల పుణ్యమే. వాగుకు అడ్డంగా అవి ఏటా మట్టిగట్టు వేస్తాయి, దాని వెనక నీళ్లు నిలుస్తాయి. ఈసారి నిలిచిన నీళ్లు ఎండకు కాగి, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఈదుతున్నారు.

ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. మబ్బు పట్టినా, ఉరిమినా, నెత్తిన చినుకు పడినా వానాకాలం వచ్చినట్టు కాదు. నెమలి ఆడాలి, బూరమ్మ అరవాలి. అప్పుడే వచ్చినట్టు. వెంటనే పందుల పెద్ద కోరయ్య గట్టుకు గండి కొడతాడు. పూర్వం ఒకసారి గండి కొట్టడం మరిచిపోతే, వరదకు గట్టు తెగి వాళ్ల తాత కొట్టుకుపోయాడట. అప్పటినుంచి ఆ వంశంలో ఎవరూ ఆలోచించరు. గండి కొడతారు.

గద్దెనెక్కగానే నల్లప్ప చేసిన మొదటి పని, తనకు ఉక్కగా ఉందని కనిపెట్టడం. గట్టుకు దిగువన, ఎండిన వాగులో, గుబురు నేరేడు చెట్ల నీడన లోతైన గొయ్యి తవ్వించి అందులో కొలువు పెట్టాడు. దానికి చల్లకొలువు అని పేరు. అడవిని చల్లబరిచే పని ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

సలహాదారు ధవళేశం అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటే చాలు, ఆయన ఆలోచిస్తున్నాడని అందరూ గౌరవించేవారు. ఏటా వలసపోయి నాలుగు దేశాల చెరువులు చూసొచ్చినవాడు. అక్కడ చూసింది చేపల్నే అని గిట్టనివాళ్లు అంటారు. మనకెందుకు.

బూరమ్మ చల్లకొలువుకు వెళ్లి మొర పెట్టుకుంది.

"దొరా, కొండ మీద చెట్లు పడుతున్నకొద్దీ వాగు ఎండుతోంది. నా పిల్లలకు కాళ్లు వచ్చేదాకా నీళ్లుంటే చాలు, ఆ తర్వాత వాళ్ల పాట్లు వాళ్లు పడతారు. ఏనుగు గారిని కాస్త ఆగమనండి."

అందరూ గుమ్మడయ్య వైపు చూశారు. గుమ్మడయ్య పైకి చూశాడు. పైన నేరేడు కొమ్మ కనిపిస్తే విరిచి తిన్నాడు.

"అమ్మా, నీ పిల్లలు నా పిల్లల్లాంటివాళ్లు," అన్నాడు నల్లప్ప. "గుమ్మడయ్య అయితే అన్నలాంటివాడు. ఎవరినీ నొప్పించని దారి ఏదైనా చెప్పవయ్యా ధవళేశం."

ధవళేశం ఒక కన్ను తెరిచాడు. "వేడి ఎప్పుడు తగ్గుతుంది దొరా?"

"వాన వస్తే."

"వాన ఎప్పుడు వస్తుంది?"

"నెమలి ఆడి, కప్ప అరిస్తే."

"మరి ఆ ఇద్దరూ ఎవరి ఏలుబడిలో ఉన్నారు?"

నల్లప్ప తన గోళ్లు చూసుకున్నాడు. "నా ఏలుబడిలోనే."

"ఇన్నాళ్లూ వాళ్ల ఇష్టానికి వదిలేశారు. అందుకే ఆలస్యమవుతోంది. పున్నమినాడు ఆడమని, అరవమని హుకుం ఇవ్వండి. ఏ దేశంలోనూ ఇంకా ఎవరికీ ఈ ఆలోచన రాలేదు."

ఎవరికీ రాలేదన్న ముక్క నల్లప్పకు బాగా నచ్చింది.

"నేను అరిస్తే కోరయ్య గండి కొడతాడు, ఉన్న నీళ్లూ పోతాయి," అంది బూరమ్మ.

"కొట్టొద్దని కబురు పంపుతాం," అని నల్లప్ప ధవళేశం వైపు చూశాడు. ధవళేశం నెమలి పింఛాల్రావు వైపు చూశాడు. పింఛాల్రావు తన తోక వైపు చూసుకున్నాడు. ఆ కబురు అలా బయలుదేరింది.

"నేను అరవను దొరా," అనేసి బూరమ్మ గట్టెక్కింది. ధవళేశం వెనకే వచ్చాడు.

"బలవంతమేం లేదమ్మాయ్. నీకు మనసు బాగోలేనట్టుంది. నీ పిల్లల బాగోగులు రేపటినుంచి నేనే దగ్గరుండి చూసుకుంటాలే," అని ముక్కు రెక్కకు తుడుచుకున్నాడు.

బూరమ్మ నేరుగా కోరయ్య దగ్గరికి పోయింది.

"తమ్ముడూ, నేను అరిచినా గండి కొట్టొద్దని కొలువు నుంచి కబురేమైనా వచ్చిందా?"

"ఏం కబురక్కా? నువ్వు అరిస్తే కొడతా. మా తాత..."

"తెలుసులే మీ తాత సంగతి. ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా కొడతావా?"

"ఆకాశం చూడ్డం నా పని కాదక్కా. నువ్వు అరిస్తే వినడం నా పని."

"ఆ నీళ్లు ఎటు పోతాయి?"

"పల్లానికి."

"పల్లంలో ఏముంది?"

కోరయ్య ఆలోచించాడు. అలవాటు లేని పని కదా, చెవులు ఎర్రబడ్డాయి. "ఇదివరకు ఇసుక ఉండేది. ఇప్పుడు దొరగారి గొయ్యి ఉంది."

బూరమ్మ గట్టు మీద నుంచి ఆ గోతిని చూసింది. మంచి లోతు. పొద్దస్తమానం నేరేడు నీడ. పిల్లల్ని పెంచడానికి అంత చక్కటి మడుగు ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. దానికున్న లోపం ఒక్కటే, నిండా మంత్రులున్నారు.

మర్నాడు మళ్లీ వెళ్లింది. "తప్పయింది దొరా, అరుస్తాను. అయితే పెద్దలంతా చల్లకొలువులోనే కూర్చుని వినాలి. ముఖ్యంగా కొంగ గారు. ఆయన లేకపోతే నాకు గొంతు లేవదు."

ధవళేశం కళ్లు చెమర్చాయి. విద్వత్తును గుర్తించేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు.

పున్నమినాడు మిట్టమధ్యాహ్నం, పేలాలు వేగేటంత ఎండలో పింఛాల్రావు ఆడాడు. చప్పట్లు కొట్టేవాళ్లు లేకపోతే తానే ఆగి కొట్టుకుని మళ్లీ ఆడాడు. బూరమ్మ గట్టెక్కి, పిల్లల్ని ఒక్కసారి చూసుకుని, ఊపిరి నిండా పీల్చి అరిచింది. కోరయ్య పైకి చూడలేదు. గండి కొట్టాడు.

చల్లకొలువులో ముందు పాదాలు తడిశాయి.

"ఫలితాలు వస్తున్నాయి దొరా," అన్నాడు ధవళేశం.

"చల్లగానే ఉన్నాయి," అన్నాడు నల్లప్ప సంతోషంగా.

కాసేపటికి ఫలితాలు గడ్డం దాకా వచ్చాయి. నల్లప్ప కాళ్లు తేలిపోయాయి. నీళ్లతోపాటు బిలబిలమంటూ బూరమ్మ పిల్లలు దిగారు. కొలువు మునిగినా కొంగ కొంగే కాబట్టి ధవళేశం ముక్కు వంచాడు. ఆ క్షణాన పట్టు దొరక్క నల్లప్ప ఆయన మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒడ్డున పడ్డారు. రాజుకీ సలహాదారుకీ అంత దగ్గరితనం ఏ ప్రభుత్వంలోనూ లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. గుమ్మడయ్య మాత్రం బురదలో కూరుకుపోతే, ఓట్లు వేసినవాళ్లంతా కలిసి లాగారు.

తర్వాత ధవళేశం గోతి దగ్గరికి నాలుగైదుసార్లు వచ్చి చూశాడు. ఒంటికాలి మీద కాదు కదా, రెండుకాళ్ల మీదా నిలబడలేని లోతు. మేధావులకు పనికిరాని చోటు.

కొలువుకు ఇంకో చోటు కావాలి. అంతమంది పట్టేంత ఖాళీ ఎక్కడుంది? కొండ మీద, గుమ్మడయ్య చెట్లు కూల్చిన చోటే ఉంది. అక్కడ నల్లప్ప నల్లటి బొచ్చు వేసుకుని, ఎండలో, బండ మీద కూర్చున్నాడు. మొదటి రోజు దేశం గురించి మాట్లాడాడు. రెండో రోజు నీళ్ల గురించి. ఆ మర్నాడు కూర్చోకముందే లేచాడు.

"ఇకమీదట ఈ అడవిలో ఎవడైనా చెట్టు మీద తొండం వేస్తే ఊరుకునేది లేదు. కూలిన ప్రతి చోటా మొక్క నాటాలి, ముందు నా బండ పక్కన."

"బాట వేసుకోమన్నది మీరే కదా దొరా," అన్నాడు గుమ్మడయ్య.

"అది చల్లగా ఉన్నప్పుడు అన్నమాట."

ధవళేశం వెంటనే లేచి, ఈ సంగతి తాను మొదటినుంచీ ఆలోచిస్తున్నదేనని, వరద ఆ పథకంలో మొదటి భాగమేనని వివరించాడు. పింఛాల్రావుకు బిరుదు ఇచ్చారు. కోరయ్యను మెచ్చుకుందామని వెళితే, ఏం చేశానని అడిగాడు. బూరమ్మను పిలవడం మరిచిపోయారు. ఆమె కూడా ఏమీ అనుకోలేదు, పిల్లలకు కాళ్లు లెక్కపెట్టే పనిలో ఉంది.

వాన తన వేళకే వచ్చింది, ఎవరినీ అడక్కుండా. పిల్లలు కొత్త కాళ్లతో, గోతి నీళ్ల మీద తేలుతున్న నల్లప్ప పాత సింహాసనం ఎక్కి ఒకటే గోల. వాగు పారింది. కొండ మీద మొక్కలు తలెత్తాయి. నల్లప్ప వాటి పక్కన కూర్చుని, ఇవెప్పుడు పెరుగుతాయా, ఎప్పుడు నీడనిస్తాయా అని రోజూ నీళ్లు పోయిస్తున్నాడు.

నీతి ఏమిటంటే, అడవి చల్లగా ఉండాలంటే ముందు దొరను ఎండలో కూర్చోబెట్టాలి.