నక్క లెక్కపెట్టించిన దీవులు

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడైనా వినండి.

ఒక పెద్ద అడవిలో జంతువులు సభ పెట్టుకుని తమను తామే పాలించుకునేవి. అడవంటే ఒక్కచోట లేదు. సముద్రంలో ఏడు దీవులుగా విడిపోయి ఉంది. అక్కడ ఎండా మండదు, చలీ కొరకదు. పొద్దున మంచు, మధ్యాహ్నం తుంపర, అంతే. పోటు వస్తే సముద్రం పొంగేది. ఆటు వస్తే తగ్గి, దీవుల మధ్య ఇసుకదారి తేలేది. గొర్రెలుండే గడ్డికొండకు మాత్రం ఏ వేళా దారి తేలదు. దాని చుట్టూ లోతెక్కువ.

దీవికొక సభ్యుడు. సభాపతి నక్క. గడ్డికొండ మీద బంగళా కట్టుకోవాలని దాని కోరిక. కొండ పోతే గొర్రెలకు మేత లేదు. కానీ ఏడు ఓట్లలో నక్కవైపు మూడే.

నక్క సర్వేయరు నీటికుక్కను పిలిచింది.

"చుట్టూ నీళ్లుంటే దీవి. లేకపోతే కాదు. ఇదే కొత్త రూలు. పోయి పోటు మీద లెక్కపెట్టు."

"పోటు మీదైతే రాళ్లగుట్టలు కూడా విడిపోతాయి కదండీ?"

"విడిపోనివ్వవయ్యా! నాకు మేనల్లుళ్లు లేరా?"

దీవులు పదకొండయ్యాయి. నలుగురు మేనల్లుళ్లు నాలుగు గుట్టలెక్కి సభ్యులైపోయారు.

సభ రోజు అందరూ ఎప్పటిలాగే ఆటు చూసుకుని, ఇసుకదారిన పెద్దదీవికి నడిచొచ్చారు. గడ్డికొండ గొర్రె ఈదుకుంటూ వచ్చి ఉన్ని విదిలించుకుంది.

"అత్తా, స్నానం అయిందా?" ఓ మేనల్లుడు నవ్వాడు.

"అయింది నాయనా. మీకే కాలేదు పాపం," అంది గొర్రె. "గుమాస్తాగారూ, ఆ కొత్త రూలు ఒకసారి చదవండి."

తాబేలు గుమాస్తా నిదానంగా చదివింది. చదివాక తలెత్తింది.

"అల్లుళ్లూ, మీరెలా వచ్చారు?"

"నడిచే వచ్చాం తాతా!"

"అయితే మీవి ఇప్పుడు దీవులు కావు. లేవండి."

మిగతా సభ్యుల్నీ అదే అడిగింది. ఒక్కొక్కరే లేచారు.

"సభాపతిగారూ, తమరు?"

నక్క పొడిగా ఉన్న తన కాళ్లవంక చూసుకుంది. "నేను సభాపతినయ్యా!"

"సభ్యుడైతేనే సభాపతండీ. అది పాత రూలు."

కుర్చీల్లో గొర్రె ఒక్కటే మిగిలింది.

"గడ్డికొండ ఎప్పటికీ గొర్రెలదే. చప్పున రాయండి గుమాస్తాగారూ, పోటు వచ్చేస్తోంది!"

తాబేలు జన్మలో మొదటిసారి తొందరపడింది.

నక్క ఇప్పుడు ఈత నేర్చుకుంటోందట.

ఈ కథ మీ స్నేహితులకు కూడా చెప్పండి. నీతి మాత్రం మార్చకుండా చెప్పండి: వంకర రూలు రాయడం తప్పు కాదు, సముద్రాన్ని అడక్కుండా రాయడమే తప్పు.